గవర్రాజు వంతు

ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో మా గవర్రాజు రష్యా ఇంజనీర్ల కాలనీలో బస్సు నడిపేవాడు. ఆ ఇంజనీర్ల పిల్లల్ని సాయంత్రాలు చూసుకోవడానికి లుద్మీలా అనే ఆవిడ ఉండేది. ఆవిడ పద్ధతే వేరు. రోజుకొకర్ని కమాండరుగా నిలబెట్టేది. ఆ రోజంతా ఆ పిల్లో పిల్లాడో చెప్పిందే చెల్లాలి. ఏ పని తలపెట్టినా అందరూ భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరే తమ మాట చెప్పాలి. పెద్దవాళ్ల వంతు ఆఖర్న.

"పెద్దవాళ్లు ముందు మాట్లాడితే పిల్లలు ఆలోచించడం మానేస్తారు" అనేది. ఆవిడకీ గవర్రాజుకీ మధ్య దుబాసీని నేనే. నాది కాన్వెంటు ఇంగ్లీషు, ఆవిడకి వచ్చినవి ఇరవై ముక్కలు. మిగతాది నేను కల్పించేవాణ్ణి.

రష్యావాళ్లు వెళ్లిపోయాక గవర్రాజు ఆ పద్ధతిని తన జాలరిపేటకి తెచ్చాడు. డ్యూటీ దిగగానే ఇసుకలో పాతికమంది పిల్లల్ని పోగేసేవాడు. నేను కథలు చెప్పేవాణ్ణి. రష్యాలో సముద్రం గడ్డకడితే చేపలు చెప్పులేసుకుని బజారుకి నడిచొస్తాయని చెబితే నోళ్లు తెరుచుకుని నమ్మేవారు. నా మాట నమ్మడం ఆ పేటకి అలవాటైపోయింది.

తొంభై ఆరు వేసవిలో ఒకరోజు గంగాలమ్మ కమాండరైంది. పన్నెండేళ్ల పిల్ల. ఆ పేటలో ఆడపిల్ల కమాండరు కావడం అదే మొదలు. తెప్ప వేసుకుని అలల అవతలికి పోదామంది. అందరూ గుండ్రంగా నిలబడ్డారు. ఒక్కొక్కరే "పోదాం" అంటున్నారు. అప్పుడే గాలి మారింది. గవర్రాజు ఆకాశం చూశాడు. నేను వాడి మోచేతిని పొడిచాను.

"చెప్పరా."

"నా వంతు రానీ బావా. మొగపిల్లల ముందర దాని మాట తీసెయ్యలేను."

వాడి వంతు రాకముందే పిల్లలు చేతులు విడిపించుకుని తెప్ప నెట్టేశారు.

తెప్ప తిరగబడింది. అందరూ ఈదుకొచ్చారు. గంగాలమ్మ తమ్ముడు వెంకటేష్ రాలేదు. వాడికి ఎనిమిదేళ్లు.

జనం గవర్రాజు మీదికి వస్తుంటే నేను అడ్డంగా నిలబడ్డాను. "వద్దని అరిచాడు. గాలికి పిల్లలకి వినబడలేదు" అన్నాను. నా జన్మలో చెప్పిన అబద్ధాల్లో అతి చిన్నది అదే. అందరూ నమ్మారు. తప్పు కమాండరుదైంది.

గవర్రాజు కాదనలేదు. మళ్లీ పిల్లల్ని పోగెయ్యనూ లేదు. గంగాలమ్మ పెరిగి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. వారానికోసారి వాడి గుమ్మంలో రెండు చేపలు పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయేది. అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

మొన్న గవర్రాజు ఊపిరితిత్తులు పనికిరావని తేల్చి, ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"బావా, దానికి నిజం సెప్పకుండా నాను పోకూడదు. పిలు" అన్నాడు.

మధ్యాహ్నం గంగాలమ్మ తట్ట దింపి లోపలికి వచ్చింది. "ఏటి మావా, నా సేపలు తిని కూడా ఇలాగైపోయావేటి?"

వాడు నవ్వలేక, రెండు చేతులూ చాపాడు. మాకు అర్థమైంది. మంచం మీదికి వంగి ముగ్గురం భుజాల మీద చేతులు వేసుకున్నాం.

"కమాండరు ముందు" అన్నాడు.

"నా కాడ సెప్పడానికేటీ నేదు మావా. తెప్ప ఎక్కుదామన్నది నానే."

తర్వాత వంతు నాది. "గంగా, వాడు అరవలేదే. నేనే కల్పించాను."

ఆమె నా భుజం మీది చెయ్యి తియ్యలేదు. "తెలుసు బాబాయ్. తెప్ప నెట్టేముందు, మావ వంతు మిగిలిపోయిందని ఎనక్కి తిరిగి సూసేను. నోరు మూసుకునే ఉన్నాడు. ఆ మాట సెప్తే పేటోళ్లు మావని సంపేద్దురు. ఊరుకున్నాను."

గంగాలమ్మ గవర్రాజు వైపు తిరిగింది.

"నీ వంతు మావా" అంది.

గవర్రాజు ఊపిరి కూడదీసుకున్నాడు. కిటికీలోంచి కనబడే చారెడు ఆకాశం చూశాడు.

"గాలి మారింది గంగా. ఎల్లొద్దు. తమ్ముణ్ణి దింపీ."

"దింపేత్తన్నాను మావా" అంది గంగాలమ్మ.