స్పీకరు వైరు పీకిన టీచరమ్మ

మా అమ్మాయి కంప్యూటర్ పరీక్ష పాసైంది, ఉద్యోగం కూడా వచ్చింది. ఈ మాట అందరికంటే ముందు వినవలసిన టీచరమ్మ, ఉద్యోగం కాగితం మా చేతికందిన రోజు ఉదయమే కృష్ణగిరిలో కన్నుమూశారని కబురు వచ్చింది. ఆ రోజు నేను ఏడ్చింది సంతోషానికో దుఃఖానికో చెప్పలేను. ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి.

మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. తొంభైలలో దాన్ని కృష్ణగిరిలో వినపడని పిల్లల బడిలో చేర్చినప్పుడు కుందారపల్లి పెద్దన్న, "చెవులు లేనిదానికి చదువేంటికిరా, రెండు గొర్రెలు కొనియ్యి" అన్నాడు. ఆ మాట బడిలో టీచరమ్మకు చెప్పాను. ఆమె తల కూడా ఎత్తకుండా, "మీ అన్నకు రెండు చెవులూ ఉండాయి గదప్పా, ఆయన ఏం చదివినాడు?" అన్నారు. ఆయన వేలిముద్ర మనిషి.

ఆమె బోర్డు మీద రాస్తూ ఎన్నడూ మాట్లాడేవారు కాదు. రాసి, పెదాలు కనపడేట్టు పిల్లల వైపు తిరిగి, అప్పుడు నోరు తెరిచేవారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే తనిఖీకి వచ్చిన ఆఫీసరు చెయ్యైనా సరే కిందికి దించేవారు.

ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో అమ్మాయిని హోసూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేర్చాను. అక్కడ పాఠాలన్నీ వీడియోలే. మాటలు బొమ్మ కింద అక్షరాలుగా పడతాయి, వినపడనివాళ్లకు ఇబ్బంది లేదు అన్నారు. నెల తిరక్కుండానే అమ్మాయి, "నాకు అర్థం కావడం లేదు, మానేస్తాను" అని నోట్‌బుక్కులో రాసి చూపించింది. నేను పోయి చూశాను. వీడియోలో పాఠం చెప్పే ఆయన మాట్లాడుతున్నాడు, కింద అక్షరాలు బ్రహ్మాండంగా పడుతున్నాయి. ఇంటికొచ్చి బిడ్డనే కోప్పడ్డాను. ఆ పని తలచుకుంటే ఈరోజుకీ నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

సంగతి తెలిసి టీచరమ్మ బస్సెక్కి వచ్చారు. సెంటర్‌లో టై కట్టుకున్న మేనేజరు మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.

"అన్ని వీడియోలకూ క్యాప్షన్లు ఉండాయి మేడం. నేనే చెక్ చేసినాను."

"వింటా చూసినావా, వినకుండా చూసినావా?"

ఆమె వంగి స్పీకరు వైరు పీకేశారు.

"ఇప్పుడు చూడప్పా. చూసి, వాడేం చెప్పినాడో నాకు చెప్పు."

వీడియోలో మనిషి నిమిషంసేపు నోరాడించాడు. కింద పడింది ఒక్క ముక్క. తర్వాతి మాట బొమ్మ మారిపోయాక తీరిగ్గా వచ్చింది.

"ఏదో బటన్ నొక్కమంటాడు మేడం."

"ఏ బటన్?"

"ఆ వైరు ఒకసారి పెడితే చెప్తాను."

"మా పిల్లకు యాడ పెట్టేదప్పా వైరు?"

వాడు తల దించుకుని టై సర్దుకున్నాడు. నేనూ తల దించుకున్నాను. వాడి మాదిరే నేనూ చెవులతో విని, కళ్లతో చదివాననుకున్నాను.

ఆ తర్వాత వరుసగా కొన్ని ఆదివారాలు ఆమె బస్సులో వచ్చి ప్రతి పాఠమూ విని రాసేవారు. అమ్మాయి దాన్ని పక్కన పెట్టుకుని అక్షరాలు ఎక్కడ తప్పాయో, ఎక్కడ ఆలస్యమయ్యాయో గుర్తుపెట్టేది. సెంటర్ వాళ్లు దిద్దుకున్నారు, దిద్దక గతిలేక. ఇప్పుడు అమ్మాయి ఉద్యోగం కూడా అదే, వీడియోల్లో అక్షరాలు సరిగ్గా పడుతున్నాయా అని చూడటం. ఆ టై మహానుభావుడు దాని ఫోటో గుమ్మం ముందు కట్టి, 'మా శిక్షణ ఫలితం' అని రాసుకున్నాడు.

ఇక ఈ ఉద్యోగం కబురు చెప్పవలసినవాళ్లు. మత్తిగిరి బావమరిదికి ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి చెప్పాలి, మొహం చూడాలి గదా. బర్గూరు చిన్నత్తకు చెప్తే చాలు, మిగతా ఊరికి ఆమే చెప్తుంది. శూలగిరి మేనకోడలికి. చెన్నైలో ఉన్న చిన్న తమ్ముడికి.

టీచరమ్మ తల్లికి చెప్పడం అయిపోయింది. ఆమె మాకు చుట్టం ఎట్లా అవుతుందని అడిగేవాడు నా ఇంటికి రానక్కర్లేదు. ముసలితనంలో ఆమెకూ చెవులు పోయాయి. మేము పోయేసరికి పరామర్శకు వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆమె చెవి దగ్గర అరుస్తున్నారు, ఆమె ప్రతిదానికీ ఊరికే తలాడిస్తోంది. మా అమ్మాయి వాళ్లను దాటుకుని ఎదురుగా కూర్చుని, ఉద్యోగం వచ్చిన మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఒళ్లో పెట్టింది. ముసలమ్మ అద్దాలు సర్దుకుని, ఒక్కొక్క అక్షరం కిందా వేలు జరుపుతూ చదవసాగింది. వేలు చివరి మాట దగ్గరికి వచ్చేదాకా మా అమ్మాయి కదలకుండా ఆమె మొహమే చూస్తూ కూర్చుంది.