మూట జాతకం

కరోనా రెండోసారి వచ్చినప్పుడు జమున పోయింది. ఆ రోజు పొద్దున ఆస్పత్రి గేటు దగ్గర టిఫిన్ డబ్బా ఇచ్చి వచ్చాను. లోపలికి ఎవరినీ పంపడం లేదు. మధ్యాహ్నం వార్డు నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. "ప్రశాంతంగా వెళ్లారు. చివరిదాకా మీ గురించే ఆలోచించారు. మీరు ధైర్యంగా ఉండాలన్నదే ఆమె కోరిక" అని హిందీలో చెప్పింది. సాయంత్రం శ్మశానంలో దూరం నుంచి చూపించారు. ముఖం కనిపించలేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాను.

సిస్టర్ చెప్పిన ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ ఉన్నాను.

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో ఊరికి బయలుదేరితే సూరత్ పక్కన ఉధ్నా స్టేషన్‌లో మొదటి పని మిషన్ ఎక్కి బరువు చూసుకోవడం. ఎర్ర, పచ్చ బల్బులు... అద్దం వెనక గిర్రున తిరిగే రంగుల చక్రం... బిళ్ల వేస్తే టక్కున ఒక అట్ట టికెట్టు పడేది. ఒకవైపు మన బరువు, రెండోవైపు మన గుణం.

జమున వాళ్లది మా పక్క గది. మా బాపు, వాళ్ల బాపు ఒకే ఖాతాలో, అంటే ఒకే షెడ్డులో, మరమగ్గాలు నడిపేవారు. ఊరికి రెండిళ్లవాళ్లం కలిసే పోయేవాళ్లం. చుట్టాలకు పంచడానికి చీరల కట్ పీసులు మూట కట్టుకుని పోవడం సూరత్‌లో మావాళ్ల అలవాటు. టీసీ ఆపుతాడేమోనని బాపు ఆ మూటను కూడా మిషన్ ఎక్కించేవాడు.

ఒకసారి టికెట్లన్నీ కలిసిపోయాయి. హిందీ చదవడం వచ్చింది నాకే కాబట్టి ఒకటి తీసి పైకి చదివాను. "మీరు అందరి కోసం కష్టపడతారు. మీ మనసు ఎవరికీ తెలియదు. పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తనివారు."

అమ్మ చెయ్యి చాపింది. "గా టికెట్టు నాదే" అంది. రోజంతా ఇంట్లో కండెలు చుట్టి చుట్టి ఆమె వేళ్లు కాయలు కాసి ఉండేవి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీదెట్లయితది? మగ్గం కాడ గొడ్డోలె కష్టపడేదెవలు?" అన్నాడు బాపు.

జమున వరసకు మా అమ్మను అత్తమ్మా అనేది. టికెట్టు లాక్కుని వెనక్కి తిప్పి బరువు చూసింది. మాలో ఎవరికీ అంత తక్కువ బరువు లేదు.

"అత్తమ్మా, గిది నీది గాదు, మామది గాదు. మూటది."

ప్లాట్‌ఫారం మీద కూలీ కూడా నవ్వాడు. "మూట లోపల మెత్తగనే ఉంటది మల్ల" అన్నాడు బాపు.

అమ్మ మాత్రం టికెట్టు పారేయలేదు. కొంగున ముడేసుకుంది. "మూటదయితేంది... నా సంగతి నాకు తెల్వదా" అంది.

మా ఇద్దరి పెళ్లయ్యాక నేను పేపర్లో రాశిఫలాలు చదువుతుంటే జమున వంటింట్లోంచి అనేది... "మూటకు గూడ సరిపోతదేమో సూడు."

కాలేజీలో దీని గురించి మాకొక పాఠం ఉండేది. మాట ఎంత ఖాళీగా ఉంటే అంతమందికి సరిపోతుందని... అందులో మన సంగతులు మనమే నింపుకుని, ఎంత సరిగ్గా చెప్పారో అనుకుంటామని. పరీక్షలో బాగానే రాశాను.

సిస్టర్ మాటను మాత్రం ఎన్నడూ అలా చూడలేదు. ఆ మాటకు జమున గొంతు నేనే పెట్టుకున్నాను. కుళాయి తిప్పుతుంటే, తలుపు గడియ వేస్తుంటే వినిపించేది. నిజానికి జమున ధైర్యంగా ఉండు అనే మనిషి కాదు. "పాలు పొంగుతున్నయి, ఫోన్ పక్కకు పెట్టు" అనే మనిషి.

ఇవాళ సాయంత్రం సత్తయ్యన్న వచ్చాడు. పేరు మార్చి రాస్తున్నాను. బమ్రోలిలో మా వెనక గల్లీలో ఉంటాడు, మగ్గం నడుపుతాడు. వాళ్లావిడ లక్ష్మక్క కూడా అదే వార్డులో, అదే వారంలో పోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మాస్కు గడ్డం కిందికి లాగి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తమ్మీ, ఒకటి అడుగుతా. గా సిస్టర్ జమున గురించి నీతోని ఏమన్నది?"

"ఎందుకన్నా?"

"మా ఖాతల ఒకడంటుండు... ఆమె అందరికి ఒక్కటే చెప్తదట. నీ గురించే సోంచాయించింది, ధైర్యంగ ఉండుమన్నది అని. మా లక్ష్మి గా మాట అననే లేదట."

నేను గుమ్మం లైటు వేశాను.

"నేను గా మాట మీదనే మందు బంద్ చేసిన. నువ్వు సదువుకున్నోనివి, జర నిజం చెప్పు. నీకు గూడ గిట్లనే చెప్పిందా?"

"యాదికి తెచ్చుకోవాలె అన్నా. రేపు చెప్తా."

"గంత మాట యాది లేదా?" అన్నాడు. కాసేపు నన్నే చూసి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఆ మాట ఇంట్లో వినిపిస్తూనే ఉంది... జమున గొంతుతో కాదు, సిస్టర్ గొంతుతో. జమున గొంతు తెచ్చుకుందామని చూశాను. రావడం లేదు. ఆమె అసలు ఏమందో... మంచినీళ్లడిగిందో... ఏమీ అనలేదో...

సిస్టర్‌ది తప్పనను. రోజూ అన్ని ఇళ్లకు ఫోన్ చేయాల్సిన మనిషి ఇంకేం చెబుతుంది.

ఇప్పుడు స్టేషన్లలో ఆ మిషన్లు కనిపించడం లేదు. గుణగణాలు ఫోన్‌లోనే వస్తున్నాయి. నలుగురిలో పైకి చదివి, నాది నాదని కొట్లాడి, నవ్వుకునేవాళ్లం... ఇప్పుడు ఎవరిది వాళ్లు ఒంటరిగా చదువుకుంటున్నాం, ఒంటరిగా నమ్ముతున్నాం. మీ ఇంట్లో ఎవరైనా అలాంటి మాట ఒకటి దాచుకుని ఉంటే కింద రాయండి. అది నిజమా అని ఇక్కడ ఎవరూ అడగరు.

సత్తయ్యన్న నేనిక్కడ రాసేవి చదవడు. రేపు పొద్దున షిఫ్టుకు పోకముందే వాళ్లింటికి వెళ్తాను. జమున పోయిందని తప్ప సిస్టర్ నాకింకేమీ చెప్పలేదంటాను. ఆ మాట లక్ష్మక్కదేనని చెప్తాను.