నాలుగు బెంచీలు ఒకే వరసలో

ఆ పని ఒక గురువారం ఉదయం ఆరూ పదికి మొదలైంది. గేటు దాటుతూ గడియారం చూసుకున్నాను. ఇద్దరు మనుషులు గడ్డపారలతో పార్కులో దక్షిణం వైపు బెంచీని పెకలిస్తున్నారు.

తిరుపతిలో మా కాలనీ పార్కు చుట్టూ ఉన్న నడకదారి నా అడుగుల్లో రెండు వందల ఎనభై. ఒకప్పుడు అది ముళ్లకంపలూ ఇటుక ముక్కలూ నిండిన ఖాళీ జాగా. కాలనీ వాళ్లమే శుభ్రం చేసి, నాలుగు వైపులా నాలుగు రాతి బెంచీలు వేయించుకున్నాం. బెంచీకీ బెంచీకీ మధ్య డెబ్బై అడుగులు. ఆ డెబ్బై మీదే మా ఎదురింటామె నడక నిలబడింది. మోకాలి ఆపరేషన్ అయినాక ఆమె డెబ్బై అడుగులు వేసి కూర్చునేది, మళ్లీ లేచేది. అట్లా నాతో రోజుకు రెండు చుట్లు పూర్తి చేసేది.

పార్కు ఉత్తరం వైపు నుంచి కొండ కనబడుతుంది. అక్కడికి రాగానే చెప్పులు విడిచి దండం పెట్టుకోవడం అందరికీ అలవాటు. అది చూసి పార్కు కమిటీ కార్యదర్శికి గొప్ప ఆలోచన తట్టింది. నాలుగు బెంచీలూ ఉత్తరానికే తెప్పించి, కొండకు ఎదురుగా వరసగా పెట్టి సిమెంటు పోయించాడు.

“అందరూ కూసోని కొండ సూడొచ్చు గదమ్మా,” అన్నాడు.

“నడిచేటోళ్లు యాడ కూసోవల్లప్పా?”

“కసరత్తు మిషన్లు పెట్టినాం గదా!”

మిషన్లు ఆరు. రెండు కదలవు, ఒకటి కదిలితే ఆగదు. మరుగుదొడ్డి కూడా కట్టించాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది కాబట్టి అది ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

తర్వాత ప్రారంభోత్సవం. శిలాఫలకం అందరికీ కనబడాలి కదా. అందుకని బెంచీలకు సరిగ్గా ఎదురుగా, నా తలకంటే మూరెడు ఎత్తున గోడ కట్టి, పెద్దల పేర్లు చెక్కిన రాయి బిగించారు. కొండ దాని వెనక్కి పోయింది. అలవాటు మాత్రం పోలేదు. జనం ఇప్పుడు చెప్పులు విడిచి ఆ పేర్లకు దండం పెడుతున్నారు.

ఎదురింటామె మూడు రోజులు ప్రయత్నించింది. మూడో రోజు నూట పదో అడుగు దగ్గర నేల మీదే కూలబడి నవ్వింది.

“అక్కా, నా మోకాళ్లను గూడా పెకలించి ఆడనే సిమెంటు పొయ్యమను.”

నాలుగో రోజు పిలిస్తే, “నువ్వు పోయిరాక్కా” అంది.

ఒక్క బెంచీనైనా దక్షిణానికి మార్చమని కార్యదర్శిని మూడుసార్లు అడిగాను. సిమెంటు చాలా గట్టిదంట. ఆ పార్కులో గట్టిగా చేసిన పని అదొక్కటే.

పోయినవి: కూర్చునే చోట్లు మూడు, కొండ ఒకటి, ఆమె నడకలో రోజుకు ఐదు వందల అరవై అడుగులు.