బావకు నెమ్మది కలిగేదాకా

క్రిస్మస్‌కు కుట్టుకున్న జాకెట్టు కుడివైపు సరిగ్గా కూర్చోలేదు. మా ఊరు మోకలో సగం మంది ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేదాన్ని, నాది నాకే కుదరలేదని నవ్వుకుని టక్స్ విప్పి మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. అద్దం ముందు నిలబడి తడిమితే తేడా గుడ్డలో లేదు, ఒంట్లో ఉంది. రొమ్ములో చింతగింజంత గడ్డ. కదలదు, నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని పండగ చేసుకున్నాను.

జనవరిలో గడ్డ సంగతి విని మా చెల్లెలు రూతు నన్ను బలవంతంగా బళ్ళారి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. అది ఆ ఊళ్ళోనే బట్టల షాపులో పనిచేస్తుంది. నా భర్త ప్రకాశం కూడా వచ్చాడు. మామోగ్రామ్ తీశారు, తర్వాత బయాప్సీ. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చింది.

"హెదరబేడమ్మా, భయపడొద్దు. క్యాన్సరే, కానీ అర్లీ స్టేజ్. స్కాన్‌లో చంకలో నోడ్స్ క్లియర్‌గా ఉండాయి, ఆడికి పాకలేదు. వచ్చే వారం సర్జరీకి డేట్ ఇస్తా. తడ మాడబేడి."

ఆలస్యం చేయొద్దని ఆమె రెండుసార్లు చెప్పింది. ప్రకాశం మాత్రం "ఇంట్లో అడిగి చెప్తామండి" అన్నాడు.

ఇంట్లో అడగడమంటే ఏమిటో చెప్పాలి. మిషనరీల కాలం నాటి క్రైస్తవ కుటుంబం మాది. పెళ్ళి సంబంధమైనా, పొలంలో బోరు వేయడమైనా, అందరం మోకాళ్ళూని ప్రభువు సన్నిధిలో కనిపెట్టాలి. అంటే నోరు మూసుకుని ఆయన మాట కోసం ఎదురు చూడాలి. తర్వాత ఒక్కొక్కరు తమకేం తోచిందో చెప్పాలి. ఒక్కరి మనసులో నెమ్మది, అంటే శాంతి, లేకపోయినా అడుగు ముందుకు పడదు. మా మామగారు పెట్టిన పద్ధతి ఇది. ఆయన పోయాక మా బావ, అంటే ప్రకాశం అన్న సాల్మన్, దాన్ని నిలబెట్టాడు. ఆయన సంఘపెద్ద కూడా. చెడ్డ పద్ధతేం కాదు, నా పెళ్ళి కూడా అలాగే కుదిరింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక బావ ఇంట్లో కూర్చున్నాం. ప్రకాశానికి నెమ్మది కలిగింది. తోడికోడలికి కలిగింది. బావ చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"నాకు నెమ్మది లేదప్పా. కండ్లు మూస్తే దావలో నిలిచిపోయిన బస్సు కనపడుతాంది. ప్రభువు ఆగమంటాండాడు."

"నాకు లేచి పొమ్మని తోస్తాంది బావా" అన్నాను.

"అది భయం సునీతమ్మా. జబ్బు మనిషికి తన భయమే దేవుని స్వరం మాదిరి ఇనపడతాది. నీ మాట ఈడ లెక్కకు తీసుకోకూడదు."

ఆయన మెత్తగానే అన్నాడు, కీడు కోరి కాదు. కానీ ఒంట్లో గడ్డ ఉన్నది నాకు, దేవుడు మాట్లాడేది మాత్రం నాతో తప్ప అందరితోనట. నేను భయపడలేదు. చిన్నప్పటి నుంచీ ఆయనతో మాట్లాడుతున్నదాన్ని, ఆయన చెప్పేదేదో, నా వణుకేదో ఆ మాత్రం తెలియదా?

సర్జరీ తేదీ దాటిపోయింది. ఫిబ్రవరిలో మళ్ళీ కూర్చున్నాం, బావకు బస్సు కదల్లేదు. ఈస్టర్ ముందు నలభై దినాల ఉపవాసకూటాల్లో నా పేరు ఎత్తి ప్రార్థించారు. ముక్కూ ముఖం తెలియని వాళ్ళు వచ్చి "విశ్వాసం పెట్టుకోమ్మా" అని పోయేవారు. డాక్టరమ్మ దగ్గర నుంచి ఫోన్ వస్తే ప్రకాశం బయటికి వెళ్ళి మాట్లాడేవాడు. ఒకరోజు అతన్నే నిలదీశాను.

"అన్న ఒక్కడు ఊ అంటే పోదాం సునీతా" అన్నాడు.

"అన్నకు గడ్డ లేదు."

"నువ్వు అట్ల మాట్లాడితే నేనేం చేయల్ల చెప్పు" అని చెప్పులేసుకుని బజారుకు పోయాడు. మంచివాడే. ఆ మంచితనమే ఆ రోజుల్లో నన్ను సగం చంపింది.

ఈస్టర్ అయిన వారం స్నానం చేస్తుంటే చంకలో ఇంకో గడ్డ తగిలింది. రూతుకు ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున్నే వచ్చి తిన్నగా బావ ముందుకు వెళ్ళింది.

"బావా, నీకు నిలిచిన బస్సు కనపడిందంట గదా. స్టాండులో నిజం బస్సొకటి నిలబడుండాది. మా అక్కను దాంట్లో పిల్చుకోని పోతాండా."

ప్రకాశం కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత మా వెనకే వచ్చి బస్సెక్కాడు.

డాక్టరమ్మ కొత్త స్కాన్ చూసింది. "ఈగ నోడ్స్ బందిదె. ఇప్పుడు నోడ్స్‌కు వచ్చిందమ్మా. ఇన్ని నెలలు ఏం చేస్తా ఉండిరి?"

ప్రకాశం తల వంచుకున్నాడు. "కనిపెడుతా ఉంటిమి డాక్టర్" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేదు.

ముందు అనుకున్న చిన్న ఆపరేషన్ పెద్దదయింది. రొమ్ము మొత్తం తీశారు, చంకలోని నోడ్స్ కూడా. తర్వాత కీమో. జుట్టు పోతుందని అందరూ చెప్తారు, నోరంతా పుండ్లు పడి నీళ్ళు కూడా కారంగా ఉంటాయని ఎవరూ చెప్పరు. మూడో కీమోకు రక్తకణాల కౌంట్స్ పడిపోయి, జ్వరంతో మళ్ళీ అడ్మిట్ అయ్యాను. అప్పుడు బావ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, దేవుడు ఎన్నడూ ఆలస్యం చేయడని ప్రార్థన చేశాడు. నేను ఆమేన్ అనలేదు. నా పక్క మంచం ఆమె అంది.

కీమో, రేడియేషన్ ముగిశాక కృతజ్ఞత కూటం పెట్టారు. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం నేను చెప్తాననుకున్నాను. బావ లేచాడు. దేవుడు తన సమయంలో మా మరదల్ని ముట్టి బాగుచేశాడని, మేము తొందరపడకుండా కనిపెట్టినందుకే ఈ అద్భుతమని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నోడ్స్ తీసిన వైపు నా చెయ్యి వాచి ఉండడం వల్ల నేను కొట్టలేకపోయాను, ఆ వంక దొరికినందుకు సంతోషించాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం బావకు గుండెలో నొప్పి వచ్చింది. ఎవరూ మోకాళ్ళూనలేదు. ఎవరికి నెమ్మది ఉంది, ఎవరికి లేదు అని అడగలేదు. పక్కింటి కారు తెచ్చి, ప్రకాశం ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టుకుని బళ్ళారికి తీసుకుపోయాడు. ఆ రోజే యాంజియోగ్రామ్, ఆ రోజే స్టెంట్. ఆయన బతికినందుకు నాకు సంతోషమే, అబద్ధం చెప్పను.

ఇంటికొచ్చాక రాగిగంజి తీసుకుని చూడబోయాను.

"బావా, కారెక్కే ముందు నీకు నెమ్మది కలిగిండెనా?"

ఆయన గంజి ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఆ పొద్దు అదెవరు అడిగినారమ్మా" అన్నాడు.

ఇప్పుడు మందులు వాడుతున్నాను, చెకప్‌లకు వెళ్తున్నాను. కుడిచెయ్యి లింఫెడిమాతో వాచి ఉంటుంది, బిగుతు స్లీవ్ వేసుకుంటాను. కత్తెర పట్టలేను, కటింగ్ ఇంకొకరు చేస్తే మిషను మీద కొంచెం కుడతాను. ప్రార్థన మానలేదు. మనుషులు అడ్డం కూర్చున్నందుకు ఆయనతో మాటలు మానుకోవడం ఎందుకు?

మీ ఇంట్లో ఇలాంటి రిపోర్టు వస్తే ఒక్క పని చేయండి. డాక్టర్ దగ్గర తేదీ తీసుకునే లేవండి, ఆ తేదీ వచ్చేదాకా ఎంతైనా ప్రార్థించండి, తేదీని మాత్రం కదపకండి. దేవుని చిత్తం అడగాలనిపిస్తే మంచం మీద ఉన్న మనిషిని మొదట అడగండి. నా తర్వాతి చెకప్ బుధవారం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, పొద్దున బస్సుకు పోతాను.