నా కడుపు మీద సమీక్షా సమావేశం

నాచారం పార్కులో పొద్దున్నే నడిచే మా జట్టంతా ఒకే ప్రభుత్వరంగ కర్మాగారంలో రిటైరైనవాళ్ళం. ఉద్యోగం మమ్మల్ని వదిలింది గానీ మేం ఫైళ్ళను వదల్లేదు. పార్కులో కుక్కల బెడద మీద కూడా మా దగ్గర మీటింగు మినిట్స్ ఉన్నాయి.

నా కడుపులో కేన్సర్ గడ్డ బయటపడినప్పుడు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. ముందు కీమో, దానితోపాటు ఒంట్లోని రక్షణశక్తిని ఉసిగొల్పే ఇంకో మందు, రెండూ కలిపి నాలుగు విడతలు. గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్. ఆ తర్వాత మళ్ళీ మందులు. ఉప్పల్ ట్రాఫిక్‌లో ఈదుతూ నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. జుట్టు ఊడింది, చారుకు కూడా ఇనుము రుచి వచ్చింది. అయితేనేం, స్కాన్‌లో గడ్డ బాగా తగ్గింది. ఆ వారమే రెండు ఇడ్లీలు తిని, ఆ సంగతి పార్కంతా చాటుకున్నాను.

ఆ ఇడ్లీలే కొంప ముంచాయి.

"మందులకే కరుగుతాంటే మల్ల కోసుడెందుకే అన్నా?" అన్నాడు పీర్జాదిగూడ నుంచి వచ్చే మిత్రుడు. వెంటనే మాజీ జనరల్ మేనేజర్ గారు సిమెంటు బెంచీ మీద అధ్యక్షత వహించారు. మొదటి దశ ఫలితం సంతృప్తికరం, రెండో దశ ఆరు నెలలు వాయిదా అని తీర్మానం రాశారు. డాక్టరమ్మను సంప్రదించాలని ఎవరికీ తోచలేదు. ఆవిడ మా కర్మాగారంలో పనిచెయ్యలేదు కదా. అందరికంటే ముందు సంతకం పెట్టింది నేనే.

ఇంటికొచ్చి ఆ కాగితం మా ఆవిడకు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ముప్పై ఏండ్లు ఇన్‌స్పెక్షన్ల పనిజేసిన్రు గద. సగం బాగైన మిషన్‌ను ఎన్నడన్న బయటికి పంపిన్రా?"

పంపలేదు. ఒక్క బోల్టు వదులుగా ఉన్నా తిప్పి పంపి, అందరితో తిట్లు తిన్నవాణ్ణి. స్కాన్‌కు కనబడనిది లోపల మిగిలి ఉండొచ్చు, కోత తప్పదు అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ ముక్క మాత్రం నేను సమావేశంలో పెట్టలేదు.

"భయమైతాంది" అన్నాను. మా కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

"మరి కమిటీకి ఏం జెప్పాలె?" అని అడిగాను.

"కడుపు వాళ్ళది గాదని చెప్పుండ్రి" అంది. కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టింది. "నాకు గూడ భయమైతాంది. రేపు పొద్దుగాల పోయి ఆపరేషన్ తేదీ రాయించుకొద్దాం."