అమలాపురం బస్టాండులో బాలింత మందు

మలికిపురం నుంచి హైదరాబాదు వెళ్ళాలనుకునేవారికి ముందే ఒక మాట చెబుతున్నాను. సంచిలో ఏముందని ఎవరైనా అడిగితే "మందు" అనకండి. శొంఠి అనండి, బెల్లం అనండి, ఏదీ తోచకపోతే చీరలనండి.

రెండువేల ఎనిమిది వేసవిలో మా సత్యవతి పిన్ని కూతురు దేవికి హైదరాబాదులో ఆడపిల్ల పుట్టింది. పెళ్ళయిన చాలా ఏళ్ళకి కలిగిన కాన్పు. తెల్లవారుజామున ఫోనులో కబురు వినగానే పిన్ని రోలు ముందు కూర్చుంది. పిప్పళ్ళు, శొంఠి, మిరియాలు, వాము దంచి, పాత బెల్లం, నెయ్యి కలిపి కాయం చేసింది. బాలింతకి ఒంట్లో వేడి పుట్టడానికీ, నడుం గట్టిపడడానికీ పెట్టే మందు అది. నల్లగా, నిమ్మకాయంతేసి ఉండలు. దేవికి అత్తగారు లేరు, దగ్గరుండి చూసేవాళ్ళూ లేరు. అందుకని మర్నాడు పొద్దుటికల్లా కాయంతో సహా కూతురి పక్కన ఉండాలని పిన్ని పట్టు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారిని. సెలవులు కాబట్టి "ఖాళీగానే ఉన్నావు కదరా, తోడు రా" అంది.

ఉదయం పదింటికి బస్సెక్కాం. డ్రైవరు వెనక "మీ సీటు కింద చూడండి" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. పక్కన కూర్చున్న కొబ్బరి దళారీగారిని "చూశారా?" అని అడిగాను.

"ఆయ్, చూసేనండి. కోడి ఉందండి. పొడిచేసిందండి" అని వేలు చూపించారు.

ఉగ్రవాదం మీద ప్రభుత్వం చేసిన యుద్ధం మా కోనసీమకి ముందు బొమ్మల రూపంలో వచ్చింది. తొంభైల్లో బస్టాండు గోడ మీద ఒక పోస్టరు ఉండేది. ట్రాన్సిస్టరు, ఆటబొమ్మ, టిఫిను క్యారియరు, మూడింటి మీదా ఎర్ర గీత కొట్టి, ముట్టుకోవద్దని రాశారు. క్యారియర్లని నిషేధించారనుకుని మా ఊరివాళ్ళు కొన్నాళ్ళు వాటిని తువ్వాల్లో దాచి పొలానికి పట్టుకెళ్ళారు. చట్టాలూ వచ్చాయి. టాడా పాఠం చెప్పడం నాకు అలవాటయ్యేసరికి అది పోయింది. పోటా అని బోర్డు మీద రాశాను, దాన్నీ ఎత్తేశారు. "టాడా, పోటా అన్నదమ్ములు, ఇద్దరూ చనిపోయారు" అని పరీక్షలో ఒకడు రాస్తే సగం మార్కు వేశాను. ఆ తర్వాత సినిమా హాల్లో సంచులు తడమడం, లాడ్జీలో గుర్తింపు కార్డు అడగడం మొదలయ్యాయి. ఆ కిందటేడాది హైదరాబాదులో పేలుళ్ళు జరిగి మనుషులు పోయాక మాత్రం మాలో నవ్వులాట తగ్గింది. బస్సు సిబ్బందికి కూడా క్లాసులు పెట్టారని విన్నాను.

అంబాజీపేటలో కొబ్బరి లారీ అడ్డం తిరగడంతో ఆలస్యమై, అమలాపురంలో దిగేసరికి పన్నెండు దాటింది. రాజమండ్రి బస్సు ఖాళీగా నిలబడి ఉంది. మా వైపు సీటు పట్టుకునే పద్ధతి ఒకటుంది. కిటికీలోంచి తువ్వాలు పడేస్తే ఆ సీటు మనదే, కలెక్టరుగారొచ్చినా అందులో కూర్చోరు. నా దగ్గర తువ్వాలు లేదు. పిన్ని వద్దంటున్నా ఆవిడ సంచిని కిటికీలోంచి సీట్లోకి జారవిడిచి, ఆవిడని భోజనానికి తీసుకెళ్ళాను. ఎదురు హోటల్లో అరటికాయ వేపుడు బాగుంటుంది, అటు వెళ్ళినవారు తినవచ్చు.

తిరిగొచ్చేసరికి బస్సు చుట్టూ తాడు కట్టి ఉంది. క్లాసుకి వెళ్ళొచ్చిన కండక్టరు సీట్లో దిక్కులేని సంచిని చూసి విజిలు ఊదాడట. చిక్కేమిటంటే, మా సంచిని చూసి మిగతావాళ్ళూ సీట్లు పట్టుకున్నారు. తువ్వాళ్ళు, గొడుగులు, ఒక పనసకాయ. మనుషులు తప్ప సామానంతా బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఆ గొడుగు నాదండి!"

"పనసకాయ మాదండి. పేలదండి, ఇంకా పండలేదండి!"

"వాటికి మనుషులున్నారండి, ఆ సంచికే లేరండి" అన్నాడు కండక్టరు.

పిన్ని పరుగెత్తింది. "అది నాది బాబూ!"

"ఏముందమ్మా అందులో?" అన్నాడు తాడు దగ్గరున్న కానిస్టేబులు.

"మందండి."

జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. కానిస్టేబులు పిన్నిని నాలుగు ప్రశ్నలడిగి, ఎస్సైగారికి ఫోను చేశాడు.

"ఆయ్ సార్, మందేనంటండి... ఇంట్లోనే తయారు చేసేరంటండి... ఈవిడే దంచేరంటండి. ఉండలు కట్టేరంటండి... హైదరాబాదు పట్టుకెళ్తున్నారంట సార్."

"అయ్యా, అది బాలింత..." అంటూ నేను అడ్డం వెళ్ళాను.

"మీరెవరండి?"

"తోడొచ్చేనండి."

"సార్, ఇంకో మనిషి కూడా ఉన్నాడండి!"

కాకినాడ నుంచి బాంబులు తీసేవాళ్ళు వచ్చేదాకా సంచిని నీళ్ళ డ్రమ్ములో ముంచి ఉంచమని ఎస్సైగారు చెప్పారు. డ్రమ్ము దొర్లించుకొస్తున్నారు. నీళ్ళు తగిలితే కాయం పోయినట్టే. కాకినాడ వాళ్ళ కోసం ఆగితే రాజమండ్రిలో రాత్రి రైలు పోయినట్టే. పిన్ని ముఖం చూడలేకపోయాను. ఆవిడ చటుక్కున తాడు కిందినుంచి దూరి, బస్సెక్కి, సంచి విప్పి ఒక ఉండ నోట్లో వేసుకుంది.

అందరూ చెవులు మూసుకున్నారు.

ఏమీ కాలేదు. మిరియాల ఘాటుకి పిన్నికి దగ్గొచ్చింది. ఆ వాసన గాలికి ఇటు తిరిగిందో లేదో గొడుగు పెద్దావిడ గట్టిగా అడిగింది.

"కాయమా వదినగారూ? పిప్పళ్ళు దోరగా వేయించేరా?"

ఇక తాడుని లెక్కచేసినవాళ్ళు లేరు. ఆడవాళ్ళంతా బస్సెక్కేశారు. తలో కాస్తా రుచి చూసి, కొత్తపేట వైపు వాము ఎక్కువేస్తారని కొందరు, అసలు వెయ్యరని కొందరు వాదులాడుకున్నారు. కానిస్టేబులు మెట్టు మీద నిలబడి మెల్లగా అడిగాడు.

"నడుం నొప్పికి పనికొస్తుందాండి?"

ఉండ నమిలి మింగి, మళ్ళీ ఫోను తీశాడు. "సార్, కాకినాడ వాళ్ళని రావద్దనండి. మందు తినేసేమండి."

బస్సు కదిలింది, రాజమండ్రిలో రాత్రి బండీ దొరికింది. సంచిలో సగమే మిగిలింది. "పిల్లకి చాలదురా" అని పిన్ని దారంతా కళ్ళు తుడుచుకుంది. పొద్దున్న సికింద్రాబాదు స్టేషనులో లోహాలు పసిగట్టే ద్వారం వచ్చినవాళ్ళందరికీ కూసింది. అందరికీ కూసింది కాబట్టి ఎవరినీ ఆపలేదు.

ఆసుపత్రిలో దేవి నీరసంగా పడుకుని ఉంది. పిన్ని సంచి విప్పగానే నర్సు పట్టేసుకుంది.

"ఇలాంటివి పెట్టకూడదమ్మా. డాక్టరుగారు ఊరుకోరు. బయట పెట్టించండి."

పోలీసుల తాడు దాటిన పిన్ని ఆ అమ్మాయి ముందు తల వంచుకుని "ఆయ్, అలాగేనమ్మా" అంది. కూతురికి ఏమైనా అవుతుందేమోనన్న భయం.

నర్సు వెళ్ళాక దేవి కళ్ళు తెరిచింది. "అన్నయ్యా, ఆవిడ వస్తుందేమో గుమ్మంలో నుంచుని చూడు. అమ్మా, కొంచెం పెట్టవే."

గుమ్మంలో నిలబడ్డాను. వెనక దేవి దగ్గు, దాంతోపాటు నవ్వు, ఆపైన ఏడుపు వినిపించాయి. ఇంతలో నర్సు మళ్ళీ వచ్చింది. మంచినీళ్ళెక్కడ, డిశ్చార్జి ఎప్పుడు, మీదే ఊరు అని నోటికొచ్చిన ప్రశ్నలన్నీ వేశాను.

"రాజోలండి" అని, గాలిలో వాసన పీల్చి ఆగిపోయింది. "నా కాన్పుకి మా అమ్మా పెట్టిందండి. అయితే డ్యూటీలో ఉండగా నాకు కనబడకూడదండి. నా డ్యూటీ దిగేదాకా తలుపు దగ్గరే ఉండండి" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పిన్నిని కూతురి దగ్గర వదిలి, ఆ సాయంత్రం బండికే ఒక్కణ్ణీ బయల్దేరాను. ఇన్నేళ్ళుగా ప్రభుత్వం నన్ను అప్రమత్తంగా ఉండమంటూనే ఉంది. నేను నిజంగా అలా ఉన్నది ఆ గుమ్మంలో నిలబడ్డ కాసేపే. ఎదుటి సీటు పెద్దమనిషి "ఏం పని మీద వచ్చేరండి?" అని అడిగారు.

"కాపలా పని మీదండి" అన్నాను.