తొలకరి వారం లెక్క

మా మేనత్త ప్రమీలారాణి చేసే ఉద్యోగమేమిటో ఏన్కూరులో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆకాశం నుంచి కంటికి కనపడని కణాలు రాలుతుంటాయని, భూమిలోకి కూడా దూరిపోతాయని, వాటిని లెక్కపెట్టడమే తన పని అని చెప్పేది. "కనపడని వాటిని లెక్కపెడితే జీతమిస్తారా?" అని నాయనమ్మ అడిగేది.

1983 వేసవిలో మణుగూరు దగ్గర మూతబడిన బొగ్గుబాయిలో అత్త ఒక యంత్రం పెట్టింది. రాతిని దాటి లోపలికొచ్చిన ప్రతి కణానికీ దాని మీటరులో ఒక అంకె పెరుగుతుంది. అత్త ఉండేది హైదరాబాదులో. అందుకని పక్క గూడెం కోయ రైతు పగిడయ్యను కాపలా పెట్టింది. అతను ప్రతి సోమవారం మీటరు చూసి కార్డు రాసేవాడు. ఒక్క వారం తప్పలేదు.

ఆ కార్డులే అత్తకు మతి పోగొట్టాయి. ఏటా తొలకరి పడగానే ఒక్క వారం లెక్క దాదాపు సగానికి పడిపోయేది. వాన ముందొస్తే ముందు, ఆలస్యమైతే ఆలస్యంగా. తేమేమోనని తీగలు మార్చింది, బ్యాటరీలు మార్చింది. నాలుగేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకుని, మబ్బులు కణాలను ఆపుతున్నాయని తేల్చి వ్యాసం పంపింది. అచ్చుకు తీసుకున్నారు. ప్రొఫెసర్ పదవికి అదే ఆధారం.

ఐదో ఏడు తొలకరికి కళ్ళారా చూద్దామని వెళ్ళింది. యంత్రం ఆగి ఉంది.

"ఎవరాపారు పగిడయ్యా?"

"నేనే అమ్మా. భూమి పండుగ గద. మూడు దినాలు భూమికి పని చెప్పం, నాగలి గూడ కట్టం. నీ మిషను భూమి లోపలనే పనిచేస్తది గద."

"ప్రతి ఏడూ ఆపావా?"

"అవ్."

"నాకెందుకు రాయలేదు?"

"మీటరు ఎంతుందో రాయమన్నవ్. ఉన్నదే రాసిన."

అరవాలనిపించిందట. కానీ ఆ మనిషి ఒక్క అబద్ధమూ రాయలేదు.

అత్త వ్యాసం వెనక్కి తీసుకుంది. పదవి రాలేదు. పైవాళ్ళు యంత్రాన్నీ ఎత్తేశారు. నాకైతే ఒళ్ళు మండింది.

తర్వాత పాత కార్డులు ముందేసుకుని, ఆ వారాలకు నాలుగు రోజులే లెక్కగట్టి చూసింది. సరిపోవాలి. నాలుగేళ్ళలో ఒక్క ఏడూ సరిపోలేదు, నూటికి నాలుగు తక్కువ. నాలుగో రోజు స్విచ్ ఏ వేళకు వేసేవాడో అడగడానికి మళ్ళీ గూడేనికి వెళ్ళింది.

"పండుగ అయినంక అమ్మా" అన్నాడు పగిడయ్య.

పొద్దున వేశాడో, సాయంత్రం వేశాడో అతనికీ గుర్తు లేదు. ఆలస్యంగా వేసి ఉంటే ఆ నాలుగూ దానివల్లే, పొద్దున్నే వేసి ఉంటే మబ్బుల వల్ల. మళ్ళీ కొలవడానికి యంత్రం లేదు. రిటైరైన రోజు ఆ కార్డులు నా చేతిలో పెట్టింది అత్త.

"నేను వెనక్కి తీసుకున్నది తప్పునో నిజాన్నో ఇప్పటికీ తెలియదురా" అంది.